దంతకందుకీయం: టీకా తాత్పర్య సహితం

మూలం: దంతపు బంతులు మూడు. తడి తగలనీయరాదు. ఎండ సోకనీయరాదు. అ…రాదు.

అవతారిక: సూర్యాపేటలో మా మేనమామ పాత ఇంటి అటక మీద, రేకు డబ్బాలో బంతులతో పాటు దొరికిన చీటీ ఇది. కర్త మా తాత. చివరి మాట నడుమ ఒకటి రెండక్షరాలను చెదలు ఆరగించాయి. ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని మెదక్ సీమ వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన చేతికి చెద పట్టని ప్రతి దొరికింది కాబోలు.

మూడు: రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. ఇంగ్లిష్ బిలియర్డ్స్‌కు అంతే కావాలి. పాత సెట్లలో తెల్లవాటిలో ఒకదాని మీద నల్లచుక్క ఉంటుంది, ఎవరి బంతి ఎవరిదో తెలియడానికి. మా అత్తమ్మ దాన్ని దిష్టిచుక్క అన్నది. కొట్టివేయదగిన వ్యాఖ్య కాదు. ఇరవై రెండు బంతులుంటే స్నూకర్ అయ్యేది. అది 1875లో జబల్‌పూర్‌లో తెల్ల సైనికాధికారులు వానాకాలం పొద్దుపోక పుట్టించిన ఆట.

శంక: ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది ఉన్నదంటే న్యాయమే. సూర్యాపేట అటక మీద బంతులేమిటి? సమాధానం: తాత నిజాం కాలపు గుమాస్తా. క్లబ్బు సామాను వేలంలో బల్ల ఎవరో కొన్నారు. తాత జీతానికి బంతులే అందాయి.

దంతపు: ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగాలి. కోదాడ నుంచి వచ్చిన మా తమ్ముడు సూది ఎర్రగా కాల్చి గుచ్చి చూద్దామన్నాడు. దంతమైతే సూదికి కరగదు, నిజమే. కానీ మచ్చ మాత్రం ఉండిపోతుంది. ఒకవేళ సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది. దంతానికి బదులు వస్తువు కనిపెడితే పదివేల డాలర్లిస్తామని అమెరికాలో ఒక బిలియర్డ్స్ కంపెనీ ప్రకటిస్తే, జాన్ వెస్లీ హయత్ ఆ వెతుకులాటలోనే 1870 ప్రాంతంలో సెల్యులాయిడ్ దాకా వచ్చాడు. ఆ బంతులు గట్టిగా తగిలితే ఢామ్మనేవట. కొలరాడోలో ఒక సారాకొట్టు యజమాని, బంతి మోగినప్పుడల్లా గదిలో వాళ్లందరూ పిస్తోళ్లు తీస్తున్నారని హయత్‌కు జాబు రాశాడు.

సూది వద్దు, భూతద్దం చాలు. బంతిని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట ఆవగింజలో సగమంత చుక్క కనబడుతుంది. అది దంతం నడుమ నరం పోయిన దారి. సరిగ్గా దాని ఎదుటి కొసన ఇంకొకటి. చుట్టూ చెట్టు మొదట్లో ఉన్నట్టు వలయాలు, వాటిని కోస్తూ వల అల్లినట్టు సన్నని గీతలు. ఆ గీతల కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90కి తగ్గితే మామత్ అంటారు. ఆ లెక్క దంతం పైపొర దగ్గరి గీతలకే చెల్లుతుంది. బంతిని దంతం గుండెలోంచి తరుగుతారు గనుక ఇక్కడ కొలిస్తే మోసపోతాం. వలకు బదులు నల్లని గుంటల్లాంటి చుక్కలే ఉంటే అది ఎముక. గీతలు చాపలో పుల్లల్లా సమంగా సాగితే ప్లాస్టిక్. తూకం తీర్పు చెప్పదు: దంతపు బంతి 135 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, ఇప్పటి ఫినాలిక్ బంతీ దాదాపు అంతే. వెర్నియర్ పెట్టి నాలుగు వైపులా కొలిస్తే మా ఎర్రబంతి కోడిగుడ్డు వైపు మొగ్గింది. దంతం ఆరేకొద్దీ అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది. గుండ్రదనం తప్పడమే ఇక్కడ వయసుకు సాక్ష్యం.

తడి, ఎండ: తడి గుడ్డ తగిలితే ఎర్రరంగు ఊరుతుంది. ఎండ తగిలితే చీలుతుంది. మే నెల సూర్యాపేటలో పగలు వడగాలి, రాత్రి కూలర్. ఈ పొడీ తడీ దంతానికి రోజుకో గండం. కొబ్బరినూనె రాయరాదు, పసుపెక్కుతుంది. రబ్బరు బ్యాండు చుట్టరాదు. ఉతికి ఆరేసిన తెల్ల నూలుగుడ్డలో, ఒకదానికొకటి తగలకుండా, ఇంటి లోపలి గోడకున్న బీరువాలో పెట్టాలి.

పాఠభేదాలు: సూర్యాపేట పాఠం "అంటరాదు". అత్తమ్మకు మనవళ్ల భయం. కోదాడ పాఠం "ఆడరాదు". స్నూకర్ పార్లర్‌కు పోయే తమ్ముడు దీర్ఘం తనే తెచ్చి పెట్టి, ఒక్క ఆట ఆడి చూస్తే తాత ఎందుకు వద్దన్నాడో తెలుస్తుందని వాదించాడు. మిర్యాలగూడలో రైస్‌మిల్లున్న బావ పాఠం "అట్టిపెట్టరాదు". అనగా బేరం చూడాలి. చెద తిన్న చోట అంత మాట పట్టదంటే, "తాత ఇరికించి రాసేటోడు, మీకెరుక లేదు" అన్నాడు.

"అమ్మరాదు" అన్నది నా పాఠం. దీనికి చీటీలో కంటే చట్టంలో బలం ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ ఆపేశాయి. పాతదనే మాట పనికిరాదు. వారసత్వంగా వస్తే తొంభై రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. ఇది చదివి వినిపిస్తే బావ, "మరి తాత ఆ మాట తిన్నగ రాస్తే ఏం పోయింది?" అని చెదల మీద విసుక్కున్నాడు.

తాత్పర్యం: బీరువా తాళంచెవి అత్తమ్మ కొంగున ఉన్నది.