చీటీ మీద లేని నలభై బస్తాలు

రోహిణి కార్తె రాగానే రాయికల్ విత్తనాల దుకాణాల్లో భవిష్యవాణి మొదలవుతుంది. "ఏ సీడు పెడితే మంచిగుంటది సేటూ?" అని రైతు అడగడమే ఆలస్యం, తళతళలాడే సంచి ఒకటి కౌంటరు మీద పడుతుంది. "రీసెర్చ్ రకం కాకా! ఎకరానికి నలభై బస్తాలకు తక్కువ దిగదు. ఊరంత ఇదే కొంటున్నరు." నీది రేగడా చెల్కా, కాలువ నీళ్లా బోరా, నారెప్పుడు పోస్తవు? ఒక్క ప్రశ్నా ఉండదు. జాతకం చెప్పేవాడు కూడా పుట్టిన నక్షత్రం అడుగుతాడు.

ఆ సంచి కుట్టు దగ్గర లేత ఆకుపచ్చ చీటీ ఒకటి వేలాడుతుంది. ధ్రువీకరణ అధికారులు పొలం చూసి ఇచ్చే చీటీ నీలం రంగులో ఉంటుంది. ఆకుపచ్చది "మేం నిజమే చెప్తున్నం" అని అమ్మేవాళ్లు తమకు తామే రాసుకునేది. (చీటీని ఏమనలేం. యూనివర్సిటీ విత్తనమూ దానితో రావచ్చు.) మొలక శాతం, స్వచ్ఛత, గడువు తేదీ అన్నీ రాసి ఉంటాయి. వరి మొలక 80 శాతానికి తగ్గకూడదు. బస్తాల ఊసు మాత్రం ఎక్కడా కనబడదు. అది గోడ మీది పోస్టర్లో, సేటు నోట్లో భద్రంగా ఉంటుంది.

జగిత్యాల పక్కన పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. సాంబ మసూరి వరిని ఉల్లికోడు పురుగు పట్టి, పిలకలు ఉల్లికాడల్లా గొట్టాలై, కంకి వేయకుండా పోతుంటే, దాన్ని తట్టుకునే జగిత్యాల సన్నాలు రకం అక్కడే పుట్టింది. బతుకమ్మ, జగిత్యాల రైస్-1 కూడా అక్కడివే. ఒకసారి మంచి విత్తనం తెచ్చి, బెరుకులు ఏరేసుకుంటే రెండు మూడేళ్లు ఇంటి గింజలే నారుమడికి పనికొస్తాయి. ఇంత ఘోరమైన లోపమున్న విత్తనాన్ని ఏ దుకాణం నెత్తిన పెట్టుకుంటుంది? ఏటా కొనకపోతే సేటు ఇల్లెట్లా గడవాలి!

2024 వానాకాలంలో ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అనగానే సంచుల్లోని గింజలన్నీ రాత్రికి రాత్రే చిక్కిపోయాయి. దుకాణంలో అన్నీ సన్నాలే. కొనుగోలు కేంద్రంలో గింజ పొడవు, వెడల్పు కొలిచే పరికరం ఉంటుంది. పాపం, దానికి సేటు మాట వినపడదు.

నాదొక చిన్న మనవి. ఈసారి సంచి కొనేటప్పుడు ఆ నలభై బస్తాలను బిల్లు వెనక రాసి, సంతకం పెట్టమనండి.

"అది వానను బట్టి ఉంటది కాకా!"