టెంక లేని రసాలు

ఉంగుటూరు నుంచి నూజివీడు దాకా ఏ తోటగట్టు మీదైనా ఒక పెద్దాయన నిలబడి, మా తాతగారి హయాంలో ఇక్కడ ఇరవై నాలుగు రకాల మామిడి కాసేదని చెబితే కాదనేవాళ్లెవరూ ఉండరు. తాతల గొప్పలు వినడం మర్యాద. కానీ ఆ మాట మీద తోట గుత్తకు తీసుకోమంటే మాత్రం వ్యాపారి ముందు చెట్టేదంటాడు. చెట్టు కొట్టేశామంటే మొద్దు చూపించమంటాడు. మొద్దు కూడా లేదంటే, ఆ చెట్టుకు అంటు కట్టిన కొమ్మ ఎవరి దొడ్లో ఉందో చెప్పమంటాడు. ఏదీ లేకపోతే కనీసం టెంకైనా చూపించమంటాడు. టెంక కూడా లేని కాయకు బయానా ఇచ్చే వెర్రివాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. సైన్సు సభల్లో మాత్రం అలాంటి బయానాలు ధారాళంగా దొరుకుతాయి. 2019 జనవరి 4న జలంధర్‌లో, 106వ భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు గారు రావణుడి దగ్గర పుష్పకం ఒక్కటే కాదు, మొత్తం 24 రకాల విమానాలు ఉండేవనీ, లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవనీ సెలవిచ్చారు. విష్ణువు సుదర్శన చక్రం లక్ష్యాన్ని వెంటాడి కొట్టి తిరిగొచ్చేది కాబట్టి, గైడెడ్ క్షిపణుల విద్య మనకు వేల ఏళ్ల కిందటిదన్నారు. ఆ మాటలతో తమకు సంబంధం లేదని నిర్వాహకులు తర్వాత చేతులు దులుపుకున్నారు. చేతులు దులిపితే పోయే దుమ్ము కాదది. అప్పటికే దేశమంతా వాట్సాప్‌లో ఎగురుతోంది, అదీ ఏ ఇంధనమూ లేకుండా.

ఆ ప్రసంగానికి తేదీ, చోటు రెండూ ఎవరో వెటకారానికి కుదిర్చినట్టున్నాయి. సరిగ్గా పద్దెనిమిదేళ్ల కిందట, 2001 జనవరి 4న, తేజస్ యుద్ధవిమానం బెంగళూరులో మొదటిసారి గాల్లోకి లేచింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ గారు తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. అంటే విమానం తయారుచేయించిన ఉపకులపతీ, విమానాలు లెక్కపెట్టిన ఉపకులపతీ ఇద్దరూ తెలుగునాట విశ్వవిద్యాలయాలకే దొరికారు. ప్రసంగానికి మూడు నెలల ముందు, 2018 అక్టోబరు 5న, భారత ప్రభుత్వం ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థల కోసం రష్యాతో 540 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం మీద సంతకం చేసింది. వచ్చిన సరుకుకు మన వాయుసేన పెట్టుకున్న పేరు సుదర్శన్. 2025 మేలో ప్రధాని వెళ్లి దాని ముందు నిలబడి మాట్లాడింది ఆదంపూర్ వాయుసేన స్థావరంలో, అంటే అదే జలంధర్ పక్కన. వేల ఏళ్ల కిందటే చేతిలో ఉన్న చక్రాన్ని మాస్కో నుంచి డాలర్లు పోసి ఎందుకు తెచ్చుకున్నామో పిల్లలెవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవారో. ఇక ఉపకులపతిగారు కొలువున్న విశాఖలోనే నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఉంది. పురాణాస్త్రం పేరు పెట్టుకున్న వరుణాస్త్ర టార్పిడో అక్కడ రూపుదిద్దుకుని 2016లో నౌకాదళానికి అందింది. అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో జలప్రవేశం చేసిందీ ఆ ఊళ్లోనే. ఇంటి పక్క వరుణాస్త్రాన్ని వదిలేసి జలంధర్ దాకా వెళ్లి లంకను పొగడాల్సిన అవసరమేమొచ్చింది?

యంత్రానికి ఒక లక్షణముంది. అది ఒంటరిగా పుట్టదు, చచ్చినా పూర్తిగా మాయమైపోదు. ఉంగుటూరు వాళ్ల నెత్తి మీదుగా దిగే విమానాలనే చూడండి. గన్నవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం అవసరానికి వేసిన రన్‌వే ఉండబట్టే ఇవాళ అక్కడ విమానాశ్రయం ఉంది. ఆ రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించడానికి ఎంతమంది రైతుల భూములు సమీకరించాల్సి వచ్చిందో, పరిహారం మాట ఎన్నేళ్లు నడిచిందో ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఒక్క రన్‌వేకే ఇంత కాగితం, ఇంత కాంక్రీటు, ఇంత కక్ష మిగిలితే, లంకలోని విమానాశ్రయాలన్నీ కలిసి ఒక్క గులకరాయైనా మిగల్చకుండా ఎలా పోయాయి? 24 రకాల విమానాలంటే 24 రకాల విడిభాగాలు, వాటిని పోతపోసే కొలుములు, గని తవ్వే కూలీలు, కూలిన విమానాల శకలాలు, చనిపోయిన పైలట్ల భార్యలు. రసాయనశాస్త్రం చదువుకున్న ఉపకులపతిగారికి అన్నిటికన్నా ముందు రావాల్సిన సందేహం ఇంధనం. అదేమిటి, ఎక్కడ కాచారు, పీపాలు ఏవి?

నిజంగా ఉన్న విద్య ఎలా మిగులుతుందో చూడాలంటే మనకు లంక దాకా ప్రయాణం అక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ప్రపంచం డమాస్కస్ కత్తి అని మురిసిపోయిన దానికి కావలసిన ఉక్కు దిమ్మెల్లో పేరుమోసినవి అక్కడ తయారయ్యేవి. ఊకపొడి కలిపిన బంకమట్టితో మూసలు చేసేవారు. ఇనుమునూ బొగ్గునిచ్చే పదార్థాన్నీ వాటిలో పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో పేర్చి తిత్తులతో గంటల తరబడి ఊదేవారు. తర్వాత మెల్లగా చల్లారనిచ్చేవారు. ఆ మెల్లదనంలోనే ఉంది కిటుకంతా. తొందరపడితే దిమ్మె పెళుసై సమ్మెట దెబ్బకు పగిలిపోతుంది. హెన్రీ వాయిసీ అనే భూగర్భశాస్త్రవేత్త ఆ కొలుముల్ని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం పెట్టి, దగ్గరుండి సరుకు చేయించుకుంటున్నాడని అందులో ఉంది. అంటే గిరాకీ ఉంది, నాణ్యత పరీక్ష ఉంది, పేచీ కూడా ఉండే ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో కోరమండల్ తీరం నుంచి ఈ దిమ్మెలు వేలకు వేలు పర్షియాకు ఓడలెక్కాయి. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో ఆ ఉక్కు గుట్టు పట్టాలని తంటాలు పడ్డాడు. ఆ కమ్మరులు ఒక్క శ్లోకం రాయలేదు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా ఊరి పక్క చిట్టెం దిబ్బలూ మూస ముక్కలూ ఇవాళ్టికీ సాక్ష్యం చెబుతున్నాయి. పక్క రాష్ట్రంలో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో 2018లో ఎండిన బావి తవ్వితే టిప్పు కాలం నాటి ఇనుప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఆ రాకెట్ల దెబ్బ తిన్న ఇంగ్లీషువాళ్లు వాటిని ఊలిచ్ ఆయుధశాలకు పట్టుకెళ్లి, కాంగ్రీవ్ అనే ఆయన చేత తమ రాకెట్లు చేయించుకున్నారు. ఇవి టెంకతో సహా దొరికిన గొప్పలు.

వైమానిక శాస్త్రం అనే గ్రంథం ఉంది కదా, భరద్వాజ మహర్షి చెప్పినది, అని కొందరంటారు. ఉంది. దాన్ని ఆనేకల్‌కు చెందిన సుబ్బరాయ శాస్త్రి చెబుతుంటే వేంకటాచల శర్మ రాసుకున్నది 1918 నుంచి 1923 మధ్య. రైట్ సోదరులు 1903 డిసెంబరులోనే ఎగిరి, ఆ కబురు పత్రికలన్నీ తిరిగి, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు బాంబులు కూడా వేసిన తర్వాత అన్నమాట. అందులోని బొమ్మలు గీసినాయన బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీ డ్రాఫ్ట్స్‌మన్ ఎల్లప్ప. 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు, ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు, దాన్ని కొట్టిపారేయకుండా ఓపిగ్గా చదివారు. భాష చూశారు, చరిత్ర ఆరా తీశారు, శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల లెక్కలు కట్టారు. 1904కు ముందుదని చెప్పడానికి ఆధారం లేదని, వాటిలో ఒక్కటీ ఎగిరే జాతి కాదని తేల్చారు. వాటి చోదక పద్ధతి విమానాన్ని ఎగరనీయకుండా ఆపేటట్టుందట! నాకైతే ఆ అయిదుగురి పని మీద గౌరవమే కాక కాస్త జాలి కూడా. నలభై ఏళ్ల తర్వాత, 2015లో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో, గ్రహాల మధ్య తిరిగే వైదిక విమానాల మీద మళ్లీ ఒక పత్రం చదివించుకున్నాం.

అసలు గ్రంథాలను తురుష్కులు తగలబెట్టారు, మిగిలినవి జర్మన్లు ఎత్తుకుపోయి రాకెట్లు చేశారు అన్నది ఇంకో వాదన. తాటాకులు కాలతాయి, నిజమే. చిట్టెం కాలదు కదా. అల్యూమినియం కరిగించే కొలిమి, టన్నుల కొద్దీ లోహపు చెత్త, వాటిని తగలబెట్టిన సైన్యం ఎక్కడిది? ఇక జర్మన్ల సంగతి. వాళ్ల వీ-2 రాకెట్ 1942 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి తుస్సుమని, అక్టోబరు 3న గానీ సరిగ్గా ఎగరలేదు. మహర్షి నోట్సు చేతిలో ఉన్నవాడు రెండుసార్లు ఫెయిలవుతాడా? అయ్యాడంటే నోట్సులోనే తప్పు ఉండాలి, లేదా నోట్సే లేకపోయుండాలి. ఈ వాదన చేసేవాళ్లు ఈ రెంటిలో ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

కాస్త గౌరవించదగ్గ అభ్యంతరం ఒకటుంది. వందల ఏళ్లు తెల్లవాడి చేత నీకేమీ రాదనిపించుకున్న జాతి, ఒకప్పుడు మాకూ ఉండేదని చెప్పుకుంటే తప్పా, పిల్లలకు ఉత్సాహం రాదా అంటారు. ఉత్సాహం కావలసిందే. కలాం గారి బృందం హైదరాబాద్‌లో కూర్చుని చేసిన క్షిపణులకు అగ్ని, పృథ్వి, ఆకాశ్, నాగ్, త్రిశూల్ అని పేర్లు పెట్టినప్పుడు ఎవరికీ కష్టం కలగలేదు. పేరు పురాణంలోంచి వచ్చింది, లోహం మిధానీ కర్మాగారంలోంచి వచ్చింది. అగ్ని ప్రయోగం 1989 ఏప్రిల్ 20న ఆగింది, మే 1న మళ్లీ ఆగింది, పత్రికలు కార్టూన్లు వేసి ఏడిపించాయి, మే 22న ఎగిరింది. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. పిల్లలకు ఇది చెప్పండి. రెండు వాయిదాలూ ఒక పతనమూ ఉన్న ఈ కథ విన్న పిల్ల రేపు ప్రయోగం చెడితే తట్టుకుంటుంది. అన్నీ తాతలే చేసేశారని విన్న పిల్లకు చేయడానికి పనేం మిగిలింది? పైగా ఇందులో వాల్మీకికి జరిగిన అన్యాయం ఒకటుంది. ఆయన పుష్పకం తలుచుకుంటే చాలు ఎటు కావాలంటే అటు పోతుంది. ఆ స్వేచ్ఛ కవిది. దానికి రకాలు, రన్‌వేలు అంటగట్టి మహాకవిని స్టోర్స్ గుమాస్తాగా దించేసి, ఇది సంప్రదాయం మీద భక్తి అనడం నాకు మింగుడుపడని సంగతి.

ఎవరికేం నష్టం, సరదా కబుర్లే కదా అనేవాళ్లు తేజస్ లోపల ఏముందో ఒకసారి చూడాలి. రెక్క మనది, రూపం మనది, ఇంజను అమెరికా జనరల్ ఎలక్ట్రిక్‌ది. మన సొంత కావేరి ఇంజను పథకానికి 1989లో అనుమతి వచ్చింది, సరిపడా శక్తినివ్వక 2008లో తేజస్ నుంచి విడదీశారు. అంత వేడిలో కరగకుండా, వంగకుండా తిరిగే టర్బైన్ బ్లేడు పోతపోయడం ప్రపంచంలో కొద్ది దేశాలకే పట్టుబడ్డ విద్య, ఆ విద్యను ఎవరూ అమ్మరు. 2021లో 83 తేజస్ విమానాలకు వాయుసేన ఆర్డరిచ్చింది, వాటి కోసం వాటిని తయారుచేసే హెచ్ఏఎల్ 99 ఇంజన్లకు జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం చేసుకుంది. మొదటి ఇంజను వచ్చేసరికి 2025 మార్చి అయింది. కాబట్టి వచ్చే సైన్స్ కాంగ్రెస్‌లో మాట్లాడబోయే పెద్దలకు ఒక మనవి. ఆ 24 రకాల్లో ఏ ఒక్కదాని ఇంజనైనా, పాతదైనా, తుప్పుపట్టినదైనా దొరికితే దయచేసి వేదిక మీద వర్ణించకుండా నేరుగా బెంగళూరు హెచ్ఏఎల్ గేటు దగ్గర దించండి. దింపుడు కూలీ వాళ్లే ఇచ్చుకుంటారు.