పెద్దమ్మ చీటీకి ‘అడుగంటి’ వ్యాఖ్య

అవతారిక

టీక రాయబోయేవాడు ముందు టీకకు పేరు పెట్టాలి. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన టీకను ‘సంజీవని’ అన్నాడు. భారవికి రాసినదాన్ని ‘ఘంటాపథం’ అన్నాడు, మాఘుడికి రాసినదాన్ని ‘సర్వంకష’ అన్నాడు. ఆయనది మెదక్ జిల్లా కొల్చారమని చెబుతారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు నియమం పెట్టుకున్నాడు. ఈ టీకలో ఆ రెండు నియమాలూ భంగమైనవి. ఆయనకు దొరికింది కావ్యం, నాకు దొరికింది చీటీ.

నా టీక పేరు ‘అడుగంటి’. అర్థాల అడుగును అంటుకునేదని ఒక అర్థం. రెండో అర్థం ‘ఇగురంగ’ అనే పదం దగ్గర తేటపడును.

మూలం పుట్టిన సందర్భం ఇది. కోనసీమలో పుట్టి పెరిగినవాణ్ణి. ముప్పై ఏళ్ల కిందట ఉద్యోగం వచ్చి హన్మకొండలో దిగాను. పెంకుటింట్లో ఒక గది అద్దెకు దొరికింది. ఇంటావిణ్ణి పెద్దమ్మా అనేవాణ్ణి, ఆవిడ నన్ను బిడ్డా అనేది. దిగిన నాలుగో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. కిటికీ ఊచకు మడిచిపెట్టిన చీటీ ఉంది. ఇంట్లో ఫోను లేదు. అడుగుదామంటే మనిషి లేదు.

మూలము

“బిడ్డా, నేను బిడ్డింటికి పోతున్న. ఎల్లుండి మాపటికి వస్త. తాళంచెయ్యి దర్వాజ మీది గూట్ల వెట్టిన. దూపైతే సర్వల నీళ్లున్నయి. గంజుల పుంటికూర పప్పున్నది, ఇగురంగ ఎచ్చవెట్టుకో. మొగులైంది, బట్టలు లోపలెయ్యి. మబ్బుల లేచి నల్లనీళ్లు పట్టు. పైలం.”

ప్రతిపదార్థ వివరణము

బిడ్డా = ఓయి అద్దెకున్నవాడా; నేను = ఇంటి యజమానురాలనైన నేను; బిడ్డింటికి = కూతురి ఇంటికి; పోతున్న = వెళ్లుచున్నాను; ఎల్లుండి మాపటికి = రేపు కాక ఆ మరునాటి సాయంకాలమునకు; వస్త = వచ్చెదను.

విశేషము: మొదటి ‘బిడ్డ’ నేను, రెండో ‘బిడ్డ’ ఆవిడ కూతురు. ఒకే శబ్దం అర్థభేదంతో మళ్లీ వచ్చింది కాబట్టి ఇది యమకము. చీటీలో అలంకారమేమిటని అడగరాదు. టీకాకారుడు వెతికితే దొరకని అలంకారం లేదు.

తాళంచెయ్యి = తాళమునకు చేయి వంటిది. శంక: తాళానికి చెవి ఉంటుంది గాని చెయ్యి ఎక్కడిది? సమాధానం: చెవి మాత్రం ఎక్కడిది? గోదావరి జిల్లాలవారు ఇనుప ముక్కలో చెవిని చూశారు, ఓరుగల్లువారు చెయ్యిని చూశారు. తాళం తీసేది చెవి కాదు కనుక న్యాయం ఓరుగల్లు పక్షాన ఉన్నది. కొత్త మాటకు అర్థం దొరికే దారులు ఎనిమిదని మన నైయాయికులు లెక్క కట్టారు: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కన ఉండటం. ఇక్కడ పనిచేసింది చివరిది. ‘తాళం’ తెలుసు, ‘గూడు’ తెలుసు. రెంటి మధ్య ఇరుక్కున్నది గూట్లో చెయ్యి పెడితే చేతికి తగిలింది.

దూపైతే = దప్పిక అయినచో. ఈ పదం చూడగానే అగరొత్తులు గుర్తొచ్చాయి. పెద్దమ్మ నన్ను దేవుడికి ధూపం వేయమంటోందనుకున్నాను. వెంటనే “నీళ్లున్నయి” అని వాక్యం ముగిసింది. ధూపానికి నీళ్లతో పని లేదు. కనుక నీళ్లతో తీరేదేదో అయి ఉండాలి, అది దాహమే. దీన్ని వాక్యశేషం అంటారు. ఇది మీమాంసకుల ముద్దుబిడ్డ. ‘యవ’ అనే మాటను కొందరు యవలకు వాడతారు, కొందరు కొర్రలకు వాడతారు, యజ్ఞంలో ఏది వాడాలని వాళ్లకు తగువు వచ్చింది. తక్కిన పైర్లు వాడిపోయే కాలంలో ఇవి కళకళలాడుతూ నిలబడతాయని వేదంలోనే మిగతా వాక్యం చెబుతుంది, కాబట్టి యవలే అని వాళ్ల భాష్యకారుడు శబరస్వామి తేల్చాడు. యజ్ఞానికి ధాన్యం తేల్చిన సూత్రమే నాకు మంచినీళ్లు ఇప్పించింది.

సర్వల = సర్వ అను పాత్రయందు. శంక: ‘సర్వ’ అనగా సమస్తము కదా, ఇల్లంతా నీళ్లున్నాయని అర్థం కాకూడదా? సమాధానం: పెంకులు కారితే అదీ నిజమే గాని, వానింకా రాలేదు.

గంజుల = గంజు అను వంటగిన్నెయందు. శంక: గంజిలో పుంటికూర అని పాఠం దిద్దరాదా? సమాధానం: రాదు. ‘గూట్ల’ అంటే గూట్లో, ‘సర్వల’ అంటే సర్వలో. ఈ చీటీలో ‘ల’ వస్తే ‘లో’ అని తేలిపోయింది. గంజి అయితే ‘గంజిల’ కావాలి. ఇది వ్యాకరణం చూపిన దారి. ఈ ‘ల’ని పాఠకులు కొంగున ముడివేసుకోవలెను. టీకాకారుడు ముడివేసుకోక చెడినాడు.

పుంటికూర = గోంగూర. మూత తీసి రుచి చూస్తే నాలుక చెప్పింది. గవయం ఆవులా ఉంటుందని విని అడవికి పోయినవాడు అలాంటి జంతువును చూసి ‘గవయం అంటే ఇదే’ అనుకుంటాడని శాస్త్రంలో ఉపమానానికి ఉదాహరణ. నేను అడవికి పోలేదు, వంటింటికి పోయాను.

మొగులైంది = మేఘము కమ్మినది. ఈ మాట మాత్రం నాకు పాత చుట్టం. బళ్లో ప్రబంధ పద్యాల కింద ‘మొగులు = మేఘము’ అని బట్టీ పట్టిన వాణ్ణి. అప్పటి నుంచి ఏ మనిషి నోటా వినలేదు. మావైపు శబ్దరత్నాకర నిఘంటువులో పడుకున్న మాట హన్మకొండ పెరట్లో తడి బట్టలు తీయమంటోంది. కోశం ఒక దారి అన్నారు గదా, ఆ దారి ఇన్నాళ్లకు ఒక ఇంటికి చేరింది.

ఇంతవరకు వ్యాఖ్యాతకు జయము. ఇక మీద రెండు పదాలకు జరిగిన అన్యాయం చెప్పబడుచున్నది.

మబ్బుల లేచి నల్లనీళ్లు పట్టు

పూర్వపక్షము: అప్పుడే ‘మొగులైంది’ అన్నది. వెంటనే మబ్బులన్నది. మబ్బులు లేస్తాయి, నీళ్లు పడతాయి, మబ్బు నల్లన కనుక నీళ్లూ నల్లన. ‘నల్లనీళ్లు’ విశేషణ పూర్వపద కర్మధారయం, నల్లనివైన నీళ్లు. ‘మబ్బులు కమ్మితే వాననీళ్లు పట్టిపెట్టు’ అని భావం. సందర్భం ఇంత చక్కగా కుదిరాక ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? చూరు కింద రెండు బకెట్లు పెట్టి పడుకున్నాను. రాత్రి జల్లు పడింది. పొద్దెక్కాక లేచి చూస్తే పెంకుల మీది మసీ దుమ్మూ కడుక్కుని బకెట్లలో నిజంగానే నల్లనీళ్లు ఉన్నాయి. తప్పుడు అర్థానికి ప్రకృతే వచ్చి సాక్ష్యం చెప్పింది. ఇంత దిట్టమైన వ్యాఖ్య మల్లినాథుడికైనా కుదరలేదని మురిసిపోయాను. ఆ వేళ స్నానానికి మాత్రం నీళ్లు లేవు.

సిద్ధాంతము: మర్నాడు తెల్లవారకముందే వాకిట్లో బిందెల చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కింటావిడ “నల్లొచ్చింది, బిందె తే” అన్నది, కూతురు బిందె తెచ్చింది. కాసేపటికి “నల్ల పోయింది, బిందె దియ్” అన్నది, కూతురు తీసింది. అప్పుడు చూశాను కుళాయిని. శాస్త్రంలో పిల్లవాడు మాట నేర్చేది ఇలాగే. పెద్దాయన ‘ఆవును తే’ అంటాడు, ఒకడు తెస్తాడు. ‘ఆవును కట్టు, గుర్రాన్ని తే’ అంటాడు. ఏ మాట మారితే ఏ పని మారిందో చూస్తూ పిల్లవాడు ఆవేదో గుర్రమేదో తెలుసుకుంటాడు. దీనికి వ్యవహారం అని పేరు. ముప్పై దగ్గరపడుతున్న వయసులో లుంగీ కట్టుకుని వాకిట్లో నిలబడిన ఆ పిల్లవాణ్ణి నేను. అప్పుడు పక్కింటావిడ నన్ను చూసి, “ఏం తమ్మీ, గింత మబ్బుల లేస్తివి?” అన్నది. తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎటు చూసినా చుక్కలే. మబ్బు అంటే వేకువ చీకటి.

కనుక మబ్బుల = తెల్లవారుజాము చీకటియందు; లేచి = నీవు నిద్రలేచి; నల్లనీళ్లు = నల్లా యొక్క నీళ్లు. సమాసం కర్మధారయం కాదు, షష్ఠీ తత్పురుషం.

విశేషము: ఈ తప్పుకు సందర్భాన్ని నిందించరాదు. గూట్ల, సర్వల, గంజుల అని మూడుసార్లు ‘ల’ చూశాను. నాలుగోసారి ‘మబ్బుల’ దగ్గర బహువచనం అనుకున్నాను. ‘లేచి’ క్త్వార్థకం, ‘పట్టు’కు ఎవరు కర్తో ‘లేచి’కీ వారే కర్త. మబ్బులే లేవాలంటే ‘మబ్బులు లేస్తే’ అని ఉండాలి. ఇంత వ్యాకరణం కళ్లెదుట ఉన్నా కనబడలేదు. ఎందుకంటే అర్థం అప్పటికే కుదిరిపోయింది. కుదిరాక ఇంకెవడు వెతుకుతాడు?

ఇగురంగ ఎచ్చవెట్టుకో

పూర్వపక్షము: గిన్నె ఉంది, పప్పు ఉంది, పొయ్యి ఉంది. ఇగురు అంటే మా కోనసీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు: నీరంతా ఇగిరిపోయి కూర దగ్గరపడటం. భోజనం దగ్గర ‘సైంధవం తే’ అంటే ఉప్పు, ప్రయాణం వేళ అంటే గుర్రం అని ఆలంకారికులు ప్రకరణానికి చెప్పే ఉదాహరణ. ఇక్కడ ప్రకరణం వంటిల్లు. ‘ఇగురు అయ్యేదాకా వేడి చేసుకో’ అని అర్థం స్పష్టం. మొదటి రాత్రే కిరసనాయిలు స్టవ్వు మీద గంజు పెట్టి, నీరు ఇగిరేదాకా నిలబడ్డాను. నీరు ఇగిరింది. పప్పు అడుగంటింది. గంజు అడుగు బొగ్గయింది. టీక పేరుకు రెండో అర్థం వచ్చినది.

సిద్ధాంతము: మూడో నాటి సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. గంజు చూసింది. “ఇగురంగ ఎచ్చవెట్టుమంటి గదా బిడ్డా” అన్నది. ఇగురంగ అంటే ఏమిటి పెద్దమ్మా అని అప్పటికి అడిగాను.

“ఇగురమంటే... ఆగం గాకుంట జేసుడు.”

ఆగం అంటే?

పెద్దమ్మ గంజు ఎత్తి నా ముఖం ముందు పెట్టింది. “గిట్ల జేసుడు ఆగం. గిట్ల గాకుంట జేసుడు ఇగురం.”

వివరణ, ఆప్తవాక్యం, ప్రత్యక్షం మూడూ ఒక్క గంజులో కలిసిన చోటు ఏ శాస్త్రంలోనూ చూడలేదు. ఇగురంగ = ఒడుపుగా, చూసుకుంటూ, పాడుచేయక; ఎచ్చవెట్టుకో = వెచ్చ చేసుకొనుము.

విశేషము: నల్లనీళ్ల దగ్గర వ్యాకరణం చెప్పింది, నేను వినలేదు. ఇగురం దగ్గర సందర్భమే నన్ను తప్పుదారి పట్టించింది. సైంధవం కథలో వినేవాడికి ఉప్పూ తెలుసు, గుర్రమూ తెలుసు. ప్రకరణం రెంటిలో ఒకటి ఏరిపెడుతుంది. నాకు తెలిసింది ఒక్క ఇగురే. ఉన్నది ఒకటే అయినప్పుడు ప్రకరణం ఏరేదేముంది? తెలియని మాట బస్సులో ఖాళీ సీటు వంటిది, అర్థం ఎక్కి కూర్చోవడానికి చోటుంటుంది. దూప అలా కూర్చుంది. తెలిసిన మాట రుమాలు వేసిన సీటు. అసలు అర్థం టిక్కెట్టు పట్టుకుని వచ్చినా, పాత అర్థం తన రుమాలు చూపించి నిలబెడుతుంది. ఆ రుమాలును హన్మకొండలో దస్తీ అంటారని తర్వాత తెలిసింది.

పైలం = జాగ్రత్త. ‘పదిలం’ అనే మాట నలిగి ‘పైలం’ అయి ఉంటుందని టీకాకారుని ఊహ. ఊహను ఊహగానే గ్రహించవలెను.

తాత్పర్యము

ఓ అద్దెవాడా, నేను కూతురింటికి పోయి ఎల్లుండి సాయంత్రానికి వస్తాను. తాళం చెవి గుమ్మం మీది గూట్లో ఉంది. దాహమైతే నీళ్లున్నాయి, గోంగూర పప్పుంది, మాడ్చుకోకుండా వేడి చేసుకో. మబ్బు పట్టింది, బట్టలు లోపల వేసుకో. చీకటితో లేచి కుళాయి నీళ్లు పట్టు. జాగ్రత్త. అని పెద్దమ్మ హృదయము.

ఫలశ్రుతి

తెలియని మాట తగిలితే వాక్యం చివరిదాకా ఆగండి, చాలాసార్లు అక్కడే నీళ్లుంటాయి. తెలిసిన మాట కొత్త ఊళ్లో వినబడితే అర్థం ఎంత బాగా కుదిరినా ఒక్కసారి మనిషిని అడగండి. నిఘంటువు చూసేది తెలియని మాటకే. తెలిసిన మాటకు చూసేవాడు లేడు, గిన్నెలు మాడేది అందుకే. పైలం.

గద్య: ఇది కోనసీమ వాస్తవ్యుడును, హన్మకొండ అద్దెదారుడును, మూడు రోజులు గంజు తోమినవాడును అగు టీకాకారునిచే రచింపబడిన ‘అడుగంటి’ వ్యాఖ్య సమాప్తము. గంజు మచ్చ పోలేదు.