బెడోక్‌లో పిట్టకు దారి ఇచ్చే పద్ధతి

కొత్తగా కారు కొన్నవాళ్ళకే ఈ సలహాలు. సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు పదేళ్ళపాటు దాన్ని ఉంచుకునే హక్కు వేలంపాటలో కొనుక్కోవాలి. 2023 అక్టోబరులో చిన్న కార్లకు కూడా ఆ కాగితం ఒక్కటే లక్ష డాలర్లు దాటింది. రోడ్డుకు అడ్డం నిలబడ్డ పిట్టకు కావాలంటే అది తీసి చూపించండి. చదవదు.

మల్టీస్టోరీ పార్కింగులో మొదట తగిలేది తేనెపిట్ట. బొటనవేలంత ఉంటుంది. మీ కారు అద్దంలో ఇంకో మగపిట్టను చూసి, గూడు కట్టే వేళ తన హద్దులోకి ఎవడో చొరబడ్డాడని పొద్దుటినుంచీ ముక్కుతో పొడుస్తుంది. తరమకండి. అది ఎగిరిపోగానే అద్దంలోవాడూ మాయమవుతాడు. తానే గెలిచాననుకుని రేపు రెట్టించిన ఉత్సాహంతో వస్తుంది. అద్దం మడిచేయండి, మడవడానికి రాకపోతే సాక్సు తొడగండి. ఉతికింది తొడగండి, కింది అంతస్తుల వాళ్ళూ మనుషులే. బండి తీసేముందు దాన్ని విప్పడం మరవకండి. నేను రెండుసార్లు మరిచాను.

గోరువంకతో పంతం వద్దు. రెక్కలుండీ రోడ్డు నడిచే దాటుతుంది, చక్రం జానెడు దూరానికొచ్చాక రెండడుగులు పక్కకేస్తుంది. వందేళ్ళ కిందట జావా నుంచి పంజరాల్లో వచ్చిన జాతి. సొంత జావాలో ఇప్పుడు అరుదైపోయింది గానీ, బెడోక్ హాకర్ సెంటర్లో మీరు లేచేలోపే మీ ప్లేటులో ఉంటుంది.

పాసిర్ రిస్ వైపు వెళ్తే కోళ్ళు. హారన్ కొట్టకండి, ఇది హైదరాబాదు కాదు. ఇక్కడ హారన్ వింటే కోడి కన్నా ముందు మనుషులు తిరిగి చూస్తారు. దిగి కాళ్ళు పరిశీలించండి. బూడిదరంగు కాళ్ళు, చెవి దగ్గర తెల్లమచ్చ, చివర తెగిపోయినట్టుండే కూత ఉంటే అది అసలైన అడవికోడి, ఈ గడ్డకు మనకన్నా పాత కాపు. మా ఇంటికొచ్చిన భీమవరం బావగారు ఒకదాన్ని చూసి ఆ కొలతలేవీ పట్టించుకోలేదు. "డేగ" అని పందెంకోడి రకం తేల్చి, ఎంతకిస్తారని అడిగారు. బేరం వద్దన్నాను. 2017లో సిన్ మింగ్‌లో కూతల మీద ఫిర్యాదులొచ్చాయని ప్రభుత్వం 24 కోళ్ళను చంపితే ఊరంతా అల్లరైంది. ఇక్కడ కోడి కూసినా తప్పే, కూయకుండా చేసినా తప్పే.

కాకి దగ్గర మాత్రం కాస్త మర్యాద కావాలి, బంధుత్వం ఉంది. కాఫీ తోటల్లో పురుగుల్ని తింటుందని తెల్లదొరలు దాన్ని సిలోను నుంచి మలయాలోని క్లాంగ్‌కు తెచ్చారు. ఆ కాలంలోనే మన విశాఖ, శ్రీకాకుళం వాళ్ళనూ మలయా తోటలకు ఓడలెక్కించారు. కాకి వెనక్కి పోలేదు, వాళ్ళలోనూ చాలామంది పోలేదు. సింగపూర్‌కూ చేరిన కాకిని ఇక్కడి ప్రభుత్వం ఒకప్పుడు తుపాకులతో కాల్చింది, తర్వాత బోన్లు పెట్టింది.

నిద్రగన్నేరు చెట్టు కింద ఎగరడం రాని కాకిపిల్ల కూర్చుని ఉంటే అక్కడ కారు ఆపకండి. తల్లీతండ్రీ పైనే ఉంటారు, దిగినవాళ్ళ తల వెనకనుంచి తన్నుతారు. 2023లో బిషాన్‌లో దారిన పోయేవాళ్ళకు వరసగా అదే జరిగింది. తన్నించుకున్నవాళ్ళు మనవాళ్ళైతే దెబ్బకన్నా శకునం ఎక్కువ బాధ పెడుతుంది. కట్టుబట్టలతో తలస్నానం చేయాలంటారు. మల్టీస్టోరీ పార్కింగులో ఆ సౌకర్యం లేదు.

ఇక తద్దినం రోజు. కిటికీ గట్టు మీద ముద్ద పెట్టి కాకిని పిలవకండి. వన్యప్రాణుల చట్టం ప్రకారం అడవి పక్షులకు మేత పెడితే మొదటిసారి 5,000 డాలర్ల దాకా, మళ్ళీ పెడితే 10,000 దాకా జరిమానా. ముద్ద అందలేదని పెద్దలకు కోపమొస్తే మర్నాడు మీ కారు బానెట్ మీదే వాలతారు. ఇంజను ఆపి కూర్చోండి, వాళ్ళు వెళ్ళేదాకా.