పోకిరి బండి: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఒక వానాకాలపు ఆదివారం వేలూరు నుంచి గుడియాత్తం వైపు కొందరం ఏటీవీ సవారీకి పోయాం. ఏటీవీలు రెండు, వెంట జీపు ఒకటి. అడవిదారి అని పిలిచారు. కౌండిన్య నది వెంట ఎగువకు పోతే మోర్దానా డ్యాము, ఆంధ్ర వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం. అటు అనుమతి లేకుండా బండి పోరాదు. అందుకని మమ్మల్ని తిప్పింది మామిడితోపులోనూ చెరువు అంచునా. తోపును అడవి అనడం అతిశయోక్తి. అడవికి తగ్గ రుసుము తీసుకోవడం స్వభావోక్తి. ఆ చెరువు దగ్గర పుట్టిందీ పద్యం. కర్తృత్వం వేరెవరూ ఒప్పుకోనందున టీకాకారుడికే దక్కింది.

ఆ. బురదలోన దిగిన పోకిరి బండికి
తోయువాఁడె కాదె తోడివాఁడు
గట్టుమీద నిలిచి కబురులు చెప్పెడి
దొరకు చక్ర మిచ్చు తోచినంత

టీక: బురదలోన = పైన మీగడలా ఆరి, కింద జారుడుగా ఉన్న చెరువు ఒండ్రులో; దిగిన = ఇరుసుదాకా కూరుకుపోయిన; పోకిరి బండికి = చెప్పిన మాట వినని వాహనానికి; తోయువాఁడె = పంచె ఎగగట్టి భుజం ఆనించినవాడే; తోడివాఁడు కాదె = నేస్తుడు కదా; గట్టుమీద నిలిచి = చెప్పులకు తడి తగలనిచోట నిలబడి; కబురులు చెప్పెడి = ‘ఎడమకు తిప్పు, కుడికి తిప్పు’ అనే; దొరకు = పెద్దమనిషికి; చక్రము = వెనక టైరు; తోచినంత = తనకు బుద్ధిపుట్టినంత; ఇచ్చు = బురద ప్రసాదిస్తుంది.

తాత్పర్యం: తోసినవాడికి కాళ్లకే బురద, చూసినవాడికి ఒళ్లంతా.

విశేషాలు: ‘బండి’ ఏకవచనం కావడంతో వివాదం వచ్చింది. ఏటీవీ అని కొందరు. కాదు, దాన్ని లాగబోయి తానూ దిగబడిన జీపు అని మరికొందరు. ఏటీవీ టైరు వెడల్పు, అందులో గాలి 5 పీఎస్ఐ లాంటి స్వల్పం. బరువు పరుచుకుని, మెత్తటి నేలమీద జీపంత లోతుగా దిగబడదు. కనుక రెండో పక్షమే గ్రాహ్యం.

‘తోయు’ నుంచి ‘తోడి’ పుట్టిందంటే వైయాకరణులు ఒప్పుకోరు. తోసినవాళ్లు ఒప్పుకుంటారు.

‘దొరకు’ శ్లేష. విడదీస్తే దొరగారికి, కలిపితే లభించు. ఆనాడు రెండూ ఒక్కసారే జరిగాయి: తెల్లచొక్కా జేబుమీద ఒక ముద్ద, ఫోను అద్దంమీద ఒకటి, ఎడమ కనుబొమమీద చిన్నది. అది మాత్రం ఆయన ఇంటికి చేరేదాకా ఎవరూ చెప్పలేదు.

పద్యంలో ధ్వని వేరే ఉంది. డిఫరెన్షియల్‌కు లాక్ లేని జీపులో ఒక చక్రం బురదలో, ఇంకొకటి గట్టినేలమీద ఉంటే, తిరిగేది బురదలోదే. గట్టినేలమీది చక్రం కదలదు. పట్టులేనిదే గిరగిరా తిరుగుతుంది. తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. కబుర్ల దొరకూ ఆ చక్రానికీ ఉపమానోపమేయ సంబంధం ఇదే. మందు కూడా ఒకటే: యాక్సిలరేటరు వదిలి, చక్రం కింద కొబ్బరిమట్టలు తొక్కి, నలుగురూ నోరు మూసుకుని తోయడం.

తోస్తున్నాం. అప్పుడు టీవీఎస్ ఎక్సెల్ మీద అటూ ఇటూ పాలక్యాన్లు తగిలించుకుని ఒక పెద్దాయన వచ్చాడు. 1911లో ఈ వైపు నుంచి చిత్తూరు జిల్లా విడిపోయినా గుడియాత్తం పక్క పల్లెల్లో తెలుగు చెక్కుచెదరలేదు. ఆయన బండి ఆపలేదు, కాలు కింద పెట్టలేదు. తోపు కంచె వెంబడి ఉన్న కాలిబాటమీదుగా, క్యాన్లో పాలు తొణక్కుండా దాటిపోతూ మాకేసి చూశాడు.

“ఏమప్పా, దావ ఈ పక్క ఉండాది గదా!”

ఈ వాక్యానికి టీక అక్కరలేదు.