బండి కింద దూరే మనిషి ఏడీ?

కారుకు పట్టు పెంచుతామంటూ బోర్డులు పెట్టిన దుకాణాలు సూరత్‌లో చాలానే వెలిశాయి. లోపలికి వెళ్తే ముందు పెద్ద అల్లాయ్ చక్రాలు చూపిస్తారు, తర్వాత బండిని నేలకు దించే పొట్టి స్ప్రింగులు, ఆపైన మెరిసే షాకబ్జర్లు. ఇప్పుడున్న బుష్షులు ఏ స్థితిలో ఉన్నాయో, బాల్ జాయింట్ వదులైందో లేదో చూద్దామని బండి కింద దూరే మనిషి మాత్రం కనపడడు. నాకు మండేది అక్కడే.

మాది కరీంనగర్ వైపు. సాంచాల (మరమగ్గాల) పనికి కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి సూరత్ చేరిన మనవాళ్ల మధ్య, లింబాయత్‌లో పెరిగాను. నాకు సాంచా పని పట్టలేదు. రింగ్ రోడ్డు మార్కెట్లో ఒక చీరల సేఠ్ దగ్గర డ్రైవర్‌గా చేరాను. బండి అంబాసిడర్. ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు. ముందు చక్రాల దగ్గర గ్రీజు నిప్పిళ్లుండేవి. వాటికి వేళకు గ్రీజు కొట్టకపోతే స్టీరింగ్ బరువెక్కేది, పిన్నులు అరిగి చక్రం ఆడేది. అందుకని గ్రీజు గన్ను, పానాలు డిక్కీలోనే ఉండేవి. ఏ డ్రైవరూ ముందే మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవాడు కాదు. ముందు మడ్‌గార్డు మీద బలంగా నొక్కి వదిలేవాళ్లం. బండి ఒక్కసారి లేచి కుదురుకుంటే షాకబ్జర్ బతికున్నట్టు, ఊగుతూనే ఉంటే దాని పని అయిపోయినట్టు. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఆడిస్తే బేరింగు సంగతి, జాయింటు సంగతి తెలిసేది. రెండు పక్కలా పట్టుకుని ఆడిస్తే టై రాడ్ సంగతి తెలిసేది. సాంచా చప్పుడు మారగానే నేతగాడు పోగు తెగకముందే చెయ్యి పెడతాడు చూడండి, బండి కింది చప్పుడును మేమూ అలాగే వినేవాళ్లం.

ఊరికి వెళ్లే దారి అసలు పరీక్ష. హజీరా దగ్గర మొదలయ్యే ఆ హైవేకు అప్పట్లో 6వ నంబరు, ఇప్పుడు 53. సోన్‌గఢ్, నవాపూర్ దాటి ధూళే, అక్కణ్ణించి ఔరంగాబాద్, నాందేడ్, నిజామాబాద్. వెనక చీరల మూటలు, పైన సామాను. బరువుకు వెనక భాగం కుంగుతోందని కొందరు కమాన్‌లో ఇంకో పట్టీ వేయించేవాళ్లు. మా పాత మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు. వెనక గట్టిపడితే మూటలు దించాక బండి గుంతల్లో ఎగురుతుందని, ఎగిరిన చక్రానికి రోడ్డుతో సంబంధమే ఉండదని చెప్పేవాడు. మూటల్లో సగం లారీకి వేయండి అనేవాడు. ఆ ముసలాయన చదివింది నాలుగో తరగతి. సస్పెన్షన్ అంతా ఎగిరిన చక్రం గురించి ఆయనన్న ఆ మాటలోనే ఉంది. రోడ్డు ఎలా ఉన్నా టైరును నేలకు అంటిపెట్టి ఉంచడమే స్ప్రింగుకూ షాకబ్జర్‌కూ ఉన్న పని. స్ప్రింగు గుంతను మింగుతుంది, ఆ ఊపును షాకబ్జర్ ఆపుతుంది. ఒకటి మార్చి రెండోదాన్ని వదిలేస్తే రెండూ చెడతాయి.

ఇప్పటి సంగతి చెబుతాను. మా మేనల్లుడు వర్షాకాలంలో సాపుతారా వెళ్లొచ్చాడు. వఘయీ దాటాక ఘాట్ మలుపుల్లో కారు పక్కకు వాలుతోందట, భయమేసిందట. తిరిగి రాగానే పొట్టి స్ప్రింగులు, వెడల్పు టైర్లు వేయించాడు. "మామా, ఇప్పుడు పట్టాల మీద రైలులా పోతుంది, డుమస్ రోడ్డు మీద చూపిస్తా రా" అన్నాడు. "వాలడం వేరు, జారడం వేరు అల్లుడా" అన్నాను. వాలే బండి ఎంత వేగంగా తిరుగుతున్నావో నడుముకు చెబుతుంది. బిగుసుకుపోయిన బండి జారేదాకా ఏమీ చెప్పదు. వాడికి వచ్చింది ధైర్యమే కానీ, ఆ ధైర్యానికి కింద ఆధారం ఉందా అని నా దిగులు. డుమస్ రోడ్డు నున్నగా ఉంటుంది, అక్కడ ఏ బండైనా బాగానే పోతుంది. ఉధనా, పాండేసరా వైపు వానకు లేచిపోయిన రోడ్లలో తిప్పమన్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర స్ప్రింగు ప్రయాణం అయిపోయి బంప్ స్టాప్ దబ్బుమని కొట్టింది. షాకబ్జర్లు పాతవే ఉంచాడు మరి. పైగా బండి కిందికి దిగాక అలైన్‌మెంట్ మళ్లీ చూపించలేదు. చక్రాలు పైభాగం లోపలికి వంగి నిలబడ్డాయి. అలా తిరిగితే టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది, అదేమో బయటికి కనపడదు. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద బాగుంటుంది. నిలిచిన నీళ్ల మీద మాత్రం సన్న టైరు కన్నా త్వరగా తేలుతుంది. మా సూరత్‌లో వాన పడితే నీళ్లు ఎలా నిలుస్తాయో లింబాయత్‌లో ఎవరినడిగినా చెబుతారు.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు దిమ్మల గురించి నేనసలు మాట్లాడను. బండి ఎత్తు పెరిగిందని మురిసిపోవడమే తప్ప, స్ప్రింగు కదిలే చోటునే మూసేస్తున్నామని తెలియదు.

కొత్తవన్నీ చెడ్డవని నేననను. మేం నడిపిన నైలాన్ టైర్ల కన్నా రేడియల్ టైరు వెయ్యి రెట్లు నయం. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, అది నిజంగా ప్రాణాలు కాపాడే పని. కానీ ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, అరిగిన టైరుకు లేని పట్టు తెచ్చిపెట్టదు. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేర. కారు మొత్తం ఆ నాలుగు అరచేతుల మీదే ఉంది. కాబట్టి డబ్బుంటే మొదట మంచి టైర్లు కొనండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టం ప్రకారమే ఆ టైరు పనికిరాదు, సూరత్ వానలకు నేనైతే అంతదాకా ఆగను. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ లింకులు. ఇవి చిన్న రబ్బరు ముక్కలే. ఇవి చిట్లితే ఎంత ఖరీదైన షాకబ్జరూ ఏమీ చేయలేదు. నూనె కారిన షాకబ్జర్లను జతగా మార్చండి, ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ఆపైన అలైన్‌మెంట్. ఇంత చేశాక కూడా మలుపుల్లో వాలుతోందనిపిస్తే అప్పుడు షాకబ్జర్‌కు సరిపడే స్ప్రింగు గురించి అడగండి. అదీ కంపెనీ ఇచ్చిన కొలతలు దాటకుండా. బండి అసలు నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మేనల్లుడు నా మాట విని పాత స్ప్రింగులు మళ్లీ ఎక్కించాడు, బుష్షులు, షాకబ్జర్లు కొత్తవి వేయించాడు. పాత స్ప్రింగులను పారేయకుండా దాచినందుకు వాడిని మెచ్చుకున్నాను. ఇప్పుడు మలుపులో అదే కారు అంతే వాలుతుంది, కానీ ఒక్కసారి వాలి అక్కడే నిలుస్తుంది.

దసరాకు సూరత్ నుంచి ఊళ్లకు బయలుదేరే కార్లు లెక్కలేనన్ని. పిల్లలు, పెద్దవాళ్లు, డిక్కీ నిండా చీరలు. టైరు పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, బయలుదేరే ముందు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. డిక్కీలో మూటల అడుగున పడి ఉన్న స్టెప్నీ మీద కూడా ఆ అంకెలుంటాయి, దాన్నీ బయటికి తీసి చూడండి.