ఆంజనేయుడికి సీటు, రాట్నానికి గేటు

అమెరికాలో ఒక దేశం ఇంకో దేశాన్ని ఖాళీ చేయించింది. తూటా పేలలేదు, ఐక్యరాజ్యసమితిలో ఎవరూ లేచి మాట్లాడలేదు. ఖాళీ చేసింది నార్వే. వచ్చి కూర్చున్నది అరెండెల్. మ్యాపులో వెతక్కండి, దొరకదు. ‘ఫ్రోజెన్’ సినిమా కోసం డిస్నీవాళ్లు పుట్టించుకున్న రాజ్యమది.

ఓర్లాండో దగ్గర వాళ్లకు ఎప్‌కాట్ అనే పార్కుంది. అందులో నార్వే పేరిట కట్టిన వాడలో 1988 నుంచి ‘మేల్‌స్ట్రామ్’ అనే పడవ రైడ్ నడిచేది. వైకింగులు, ట్రోల్ భూతాలు, ఉత్తర సముద్రంలో చమురు తోడే బావి, అన్నీ చూపించి చివర్లో నార్వే మీద చిన్న సినిమా వేసేవారు. 2014 అక్టోబరులో దానికి తాళం పడింది. 2016 జూన్‌లో అదే కాలువ మీద, అవే పడవలకు ఎదురుగా ఎల్సా అక్క, ఆనా చెల్లె వెలిశారు. ఉన్న దేశానికి గిరాకీ లేదు, లేని దేశానికి క్యూ లైను.

నార్వే ఒక్కదానిదే కాదు ఈ గోడు. కాలిఫోర్నియాలో లిఫ్టు గుభేలున జారిపడే ‘టవర్ ఆఫ్ టెరర్’ను 2017లో ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ సినిమాకు రాసిచ్చేశారు. యూనివర్సల్ వాళ్లు ‘జాస్’ సొరచేపను 2012లో సాగనంపి, ఆ జాగాలో హ్యారీ పాటర్‌కు వీధి కట్టించారు. జాస్ కూడా సినిమాయే కదా అంటారేమో. పాత సినిమా! పాత హీరోకు మన దగ్గర ఏ గతి పడుతుందో సొరచేపకూ అదే పట్టింది. (‘స్ప్లాష్ మౌంటెన్’ విషయంలో మాత్రం నాది డిస్నీ పక్షమే. నల్లవాళ్లను చూపిన తీరుకు ఏళ్ల తరబడి తిట్లు తిన్న 1946 నాటి సినిమాలోంచి పుట్టిన రైడ్ అది. 2024లో ఆ కొండను టియానా అనే నల్ల రాకుమారికి అప్పజెప్పారు. మంచి పనే.)

మిగతావాటి నేరం ఒక్కటే. నార్వే రైడ్ దిగినవాడికి ఏం అంటగడతారు? చమురు బావి బొమ్మనా? ఎల్సా దగ్గర దిగితే నీలం గౌను, కిరీటం, జడ, నీళ్ల సీసా, బడి సంచి. దిగే దారి ఊరికే దుకాణంలోంచి పెట్టరు.

ఇంత జ్ఞానం ఓర్లాండోలో వర్ధిల్లుతుంటే మా మక్తల్ ఇంకా చీకట్లో ఉంది. మార్గశిరంలో పడమటి ఆంజనేయస్వామి జాతర వస్తుంది. జాతర అన్నాక రాట్నం ఉంటుంది. ఆ పాత రాట్నాన్ని దగ్గర్నించి చూస్తే లోపాలు లెక్కకు అందవు. నడుమ ఇనుప గుంజ, చుట్టూ కర్ర గుర్రాలు. కరెంటుతో పని లేదు. ముసలాయన తోసుకుంటూ పరుగెత్తుతాడు, ఊపందుకున్నాక పక్కకు తప్పుకొని బీడీ ముట్టిస్తాడు. ఒక గుర్రానికి చెవి ఉండదు. ఇంకోదానికి ఏటేటా రంగు దిద్దీ దిద్దీ కన్ను నుదుటి దాకా ఎగబాకి ఉంటుంది. దాని మీదెక్కిన పిల్ల ఎవరో, ఏ ఊరికి పోతోందో ఆ పిల్లకే ఎరుక.

“అండ్ల ఎవలున్నరు తాతా?” అని ఈ కాలం పిల్లగాడు అడిగితే, “నువ్వే ఉన్నవ్ గద బిడ్డా” అంటాడు ముసలాయన.

వ్యాపారం తెలిసినోడి మాటేనా అది? కథంతా పిల్లగాడి దగ్గరే ఉంటే హక్కులు ఎవడు అమ్ముకోవాలి?

కాబట్టి రాట్నాన్ని పీకి ఆ జాగాలో సినిమా పెట్టాలని నా సవినయ మనవి. సినిమా కోసం దూరం పోనక్కర్లేదు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను–మాన్’ ఉండనే ఉంది. అందులో అంజనాద్రి అనే ఊరుంది, అదీ కల్పనే. మక్తల్ నిజం ఊరు. రెంటిలో దేన్ని ఉంచాలో ఓర్లాండో ఇదివరకే తేల్చేసింది.

మనకేం ఇది కొత్త కాదు. రామోజీ ఫిలింసిటీలో ‘బాహుబలి’ మాహిష్మతికి టికెట్టు కొని వెళ్లి, ఉత్తుత్తి కోట ముందు ఛాతీ విరుచుకొని ఫొటో దిగి వస్తాం. మా పక్కనే గద్వాలలో నిజంగా సంస్థానాధీశులు ఏలిన కోట ఉంది. దాంట్లో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వాళ్ల తప్పే, శివగామి లేకుండా కోట కట్టమని ఎవరన్నారు? గణపతినీ మనం వదల్లేదు. ఒక ఏడాది బాహుబలిలా కండలు పెంచాడు, మరో ఏడాది పుష్పలా గడ్డం కింద చెయ్యి తిప్పాడు. విఘ్నాలు తొలగించేవాడికి కాల్షీట్లు చూసుకోవడంతోనే సరిపోతోంది.

సినిమావాళ్లకు భక్తి లేదని మాత్రం అనకండి, కళ్లు పోతాయి. 2023 జూన్‌లో ‘ఆదిపురుష్’ విడుదలైనప్పుడు థియేటరుకో సీటు హనుమంతుడి పేరిట ఖాళీగా ఉంచుతామని ప్రకటించారు. సముద్రం దాటినవాడికి కుషన్ సీటు! ఆ సీట్లో కూర్చొని తెర మీద తన నోట తానెన్నడూ అనని మాటలు విని ఆయనేమనుకున్నాడో గానీ, జనం గోలకు కొన్ని రోజుల్లోనే ఆ డైలాగులు మార్చారు. వాళ్ల హాల్లో మన స్వామికి సీటిచ్చారు కదా, మన జాతరలో వాళ్ల సినిమాకు చోటివ్వకపోతే మర్యాదేనా?

ఇంకో లాభం కూడా ఉంది. సినిమా పేరు తగిలిస్తే పని జరుగుతుంది. మహబూబ్‌నగర్–మునీరాబాద్ రైల్వే లైను 1997–98లో మంజూరైంది. మక్తల్ మీదుగా పోయే జక్లేర్–కృష్ణ ముక్క, 37 కిలోమీటర్లు, ప్రారంభమయ్యేసరికి 2023 అక్టోబరు 1 వచ్చింది. పాతికేళ్లు! ‘బాహుబలి’ రెండు భాగాల మధ్య రెండేళ్లు ఆగితేనే, కట్టప్ప ఎందుకు చంపాడని దేశమంతా నిద్ర మానుకుంది. మా రైలును ఎవరు చంపారని ఒక్కడూ అడగలేదు. ఆ లైనుకు ఇంటర్వెల్ బ్యాంగు లేకపోయింది, అంతే.

రాట్నం ముసలాయన సంగతేమిటంటారా? ఆయనకూ ఉపాధి చూపిద్దాం. కోతి మాస్కు తొడిగి గేటు దగ్గర నిలబెడితే సెల్ఫీకి ఇరవై రూపాయలు, అందులో ఆయన వాటా ఆయనకు. గుర్రాలను మాత్రం అమ్మలేం. కన్ను నుదుటి మీదున్న గుర్రాన్ని ఎవడు కొంటాడు? బజ్జీల బండి పొయ్యికి పనికొస్తాయి.

ఒక్క చిక్కు మిగిలింది. మా స్వామి పడమర ముఖంగా ఉంటాడు. స్పాన్సరు వచ్చి తెర తూర్పున వేస్తానంటే, పూటపూటా పడే బొమ్మకు స్వామి వీపు చూపించినట్టవుతుంది. అటో ఇటో ఒకదాన్ని తిప్పక తప్పదు. తెరను తిప్పమని స్పాన్సరును అడగలేం, జాగాకు అద్దె కట్టేది ఆయన. స్వామి ఇన్నేళ్లుగా ఉంటున్నాడు గానీ, పైసా కట్టినట్టు రసీదు లేదు.